రేడియో బల్ల: వాల్వు ప్రీయాంప్‌కి ఏ సామాను, ఏ సప్లై?

పర్లాకిమిడిలో నా రిపేరు కొట్టు మూసేసి ఏళ్లయినా బల్ల మాత్రం తీయలేదని, దాని మీద ఇప్పుడొక వాల్వు ప్రీయాంప్ (యాంప్లిఫయరుకి ముందు సిగ్నలుని పెంచే సెట్టు) వెలుగుతోందని కిందటి సంచికలో ఒక్క ముక్క రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికలో ఇంతకుముందు దేనికీ రాలేదు. మిక్సీ మోటార్లు, టీవీ రిమోట్లు ఈసారికి ఆగాలి. ముందే చెబుతున్నా: మీరు ట్యూబు అనేదాన్ని మా తరం వాల్వు అంటుంది. కెపాసిటర్‌ని నేను కండెన్సర్ అంటాను. ఈ వయసులో మార్చుకోలేను.

ప్రశ్న: మాది గుణుపురం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఫోనులోంచి, పాత టేప్‌రికార్డరులోంచి పాటలు వినడానికి స్టీరియో వాల్వు ప్రీయాంప్ కడదామని ఈసీసీ83 వాల్వులు రెండు తెప్పించాను. వాల్వుల్లో ఏ కంపెనీవి మేలు? కప్లింగ్ కండెన్సర్లకి (పాటని పోనిచ్చి డీసీని ఆపేవి) రెండు వేలు పెట్టొచ్చా? పవర్ సప్లైకి ఏదో ఒకటి చాలంటున్నారు, కానీ 250 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా దొరకలేదు.

జవాబు: మాస్టారూ, మీరు ఆఖర్న అడిగిందే ముందు అడగాల్సింది. వాల్వు తనంతట తాను శబ్దాన్ని పుట్టించదు. పవర్ సప్లై ఇచ్చే కరెంటునే మీ పాటకి తగ్గట్టు హెచ్చుతగ్గులు చేసి బయటికి పంపుతుంది. ఆ సప్లైలో బురద ఉంటే బయటికొచ్చే పాటలోనూ బురదే. మీ రెండు వేలూ కండెన్సర్లకి కాక ట్రాన్స్‌ఫార్మర్లకి పెట్టండి.

అయినా వాల్వు సంగతి తేల్చేద్దాం. ఈసీసీ83 మీ పనికి ఎక్కువ వాల్వు. 250 వోల్టుల మీద, ఆనోడుకి (వాల్వులో ఎలక్ట్రాన్లని అందుకునే పలక) 100 కె (కె అంటే వెయ్యి ఓములు) రెసిస్టెన్స్, కాథోడుకి (వేడెక్కి ఎలక్ట్రాన్లని వదిలేది) 1.5 కె పెట్టి, కాథోడు మీద కండెన్సర్ వేస్తే సుమారు 50 రెట్లు పెంచుతుంది. మైకుకీ గిటారుకీ అది కావాలి. ఫోను తనే అర వోల్టో ఒక వోల్టో ఇస్తుంది. దాన్ని యాభై రెట్లు చేసి ఎక్కడ పెడతారు? వాల్యూము రవ్వంత తిప్పగానే ఇల్లు ఎగిరిపోతుంది, మిగతా తిప్పుడంతా దండగ. అందుకని ఈసీసీ82 తెచ్చుకోండి. పిన్నులు అవే, బేసు అదే. ఆనోడుకి 47 కె, కాథోడుకి 1.2 కె పెడితే 13, 14 రెట్లు వస్తుంది. వాల్యూము కంట్రోలుని వాల్వుకి ముందు పెట్టండి. ఒక ఈసీసీ82లో రెండు ట్రయోడ్లు (ఆనోడు, కాథోడు, మధ్యలో పాటని అందుకునే గ్రిడ్డు ఉన్న వాల్వులు) ఉంటాయి కనుక ఎడమకొకటి, కుడికొకటి. రెండో ఈసీసీ82ని కాథోడ్ ఫాలోయరుగా (సిగ్నలుని పెంచకుండా దానికి బలం ఇచ్చే మెట్టుగా) వాడండి. దాని అవసరం కింద జయపురం అబ్బాయి ఉత్తరంలో తెలుస్తుంది.

కంపెనీ అంటారా, ఇప్పుడు కొత్తగా చేస్తున్నవి స్లొవేకియా, రష్యా, చైనా సరుకు. మూడూ పాడతాయి. బెంగుళూరు బీఈఎల్ వారి వాల్వులు 1960ల నుంచి మన రేడియోల్లో వెలిగాయి. వాటి మీద నాకు మోజు ఉంది, దాచను. కానీ ఆ మోజుతోనే ఒకసారి ‘పాత స్టాకు’ అంటే నమ్మి నాలుగు కొని తెచ్చాను. ఇంటికొచ్చి వేలితో రుద్దితే పైన అచ్చు పొడిలా రాలింది, కింద ఇంకేదో పేరు తేలింది. కొన్నచోటికి మళ్లీ వెళ్తే, ‘పాడుతున్నాయా లేదా’ అన్నారు. పాడుతున్నాయి మరి. ఏం చేస్తాం, వాడుకున్నాను.

ఇక సప్లై. 250 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు దొరక్కపోతే దానికో పాత కిటుకుంది. ఎలిమినేటర్లలో వేసే మామూలు 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు కొనండి. మొదటిది 2 యాంపియర్లది, రెండోది 1 యాంపియరుది. మొదటిదాని 230కి కరెంటు ఇస్తే అటువైపు 15 వస్తుంది కదా, ఆ పదిహేనుని రెండోదాని 15 వైపుకి తిరగేసి ఇవ్వండి. దాని 230 వైపు మళ్లీ హై వోల్టేజి వస్తుంది. పూర్తి 230 రాదు, మధ్యలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ తలా కొంత తింటాయి. నా బల్ల మీద 195 వచ్చింది. దాన్ని బ్రిడ్జి రెక్టిఫయర్ (1ఎన్4007 డయోడ్లు నాలుగు) దాటించి కండెన్సర్‌లో నింపితే 1.414 రెట్లు, డయోడ్లు పోగా 274 వోల్టులు డీసీ. రెండు వాల్వులకీ కలిపి సుమారు 13 మిల్లీయాంపియర్లు కావాలి. అంతకు ఈ ఏర్పాటు ధారాళంగా సరిపోతుంది. గుణుపురం బండెక్కి ఎక్కడికో పోయి ప్రత్యేకంగా చుట్టించుకోనక్కర్లేదు.

మీరు లెక్కల మాస్టారు కనుక ఈ లెక్క చూడండి. మొదటి కండెన్సర్ 100 మైక్రోఫారడ్, 400 వోల్టులది అనుకుందాం. బ్రిడ్జి తర్వాత అల సెకనుకి వందసార్లు వస్తుంది. 13 మిల్లీయాంపియర్లు లాగితే దాని మీద సుమారు 1.3 వోల్టుల ఊగు ఉంటుంది. ఆ ఊగే ‘హమ్’. ఇప్పుడు 2 కె రెసిస్టెన్స్ ఒకటి, దాని తర్వాత ఇంకో 100 మైక్రోఫారడ్ పెడితే ఊగు దాదాపు 126 వంతులు తగ్గి 10 మిల్లీవోల్టులకి వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ 2 కె ని రెండు 1 కె లుగా విడగొట్టి, ఒక్కోదాని తర్వాత ఒక్కో 100 మైక్రోఫారడ్ పెట్టండి. ఒక్కో మెట్టు 63 వంతులు తగ్గిస్తుంది. రెండు మెట్లూ కలిస్తే 63ని 63తో హెచ్చించాలి, అంటే సుమారు నాలుగు వేల వంతులు. ఊగు మిల్లీవోల్టులో మూడో వంతు. పోయే వోల్టేజి మాత్రం రెండింటిలోనూ అదే 26 వోల్టులు. అదనంగా అయిన ఖర్చు ఒక్క కండెన్సర్. బంగారు పూత వాల్వు బేసులు కొని ఈ తేడా తెమ్మనండి, చూద్దాం.

కప్లింగ్ కండెన్సర్‌కి పాలీప్రొపిలీన్‌ది 400 వోల్టులదో 630 వోల్టులదో మామూలుది చాలు. పాత రేడియోలోంచి పీకిన మైనం కాగితం కండెన్సర్ మాత్రం వద్దు. అది కారుతుంది. అవతలి వాల్వు గ్రిడ్డు మీదికి డీసీ పోయి దాని లెక్కంతా తప్పుతుంది. ఆనోడ్ రెసిస్టెన్సులు మెటల్ ఫిల్మ్‌వి, 1 వాటువి వేయండి. అక్కడ వేడి వాటులో ఎంతో భాగం ఉండదు, కానీ పావు వాటు రెసిస్టెన్స్ మామూలుగా 250 వోల్టులకి మించి తట్టుకోదు. కార్బన్ కాంపొజిషన్‌వి ‘పాత సౌండు’ ఇస్తాయని వెతుకుతున్నారు జనం. అవి ఇచ్చేది ‘స్‌స్’ అనే చప్పుడు.

హీటర్లకి (కాథోడుని వేడిచేసే తీగలకి) డీసీ ఇవ్వండి. ఈసీసీ82కి 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు, 150 మిల్లీయాంపియర్లు. రెండింటికి 300. మధ్యలో ఉన్న ఆ 15 వోల్టుల నుంచే ఇంకో బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ కండెన్సర్, 7812 రెగ్యులేటరు (12 వోల్టులు నిలకడగా ఇచ్చేది). 7812 మధ్య కాలుకీ మైనస్‌కీ నడుమ ఒక 1ఎన్4007 వేస్తే 12 కాస్తా 12.6 అవుతుంది. పుస్తకాల్లో దీనికి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చాలంటారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మన వైపు సాయంత్రం ఏడు గంటలకి మీటరు పెట్టి చూడలేదు. పంటల కాలంలో మా వీధిలో 180 చూశాను. 180 దగ్గర 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు 9.4 ఇస్తుంది. డయోడ్లు పోగా డీసీ 12 కూడా ఉండదు, రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. 15ది అయితే ఆ వేళకి కూడా గీత మీద నిలబడుతుంది. రాత్రి కరెంటు పూర్తిగా వచ్చినప్పుడు 7812 మీద సుమారు రెండు వాట్ల వేడి ఉంటుంది, అల్యూమినియం రేకు బిగించండి. రెగ్యులేటరు వీపు దాని మధ్య కాలుతో కలిసే ఉంటుంది. డయోడ్ పెట్టాక ఆ వీపు సెట్టు రేకు చట్రమైన చాసిస్‌కి తగలకూడదు. మైకా ముక్క, ప్లాస్టిక్ వాషరు మరిచిపోకండి.

ఇంకొక్కటి. మొదటి కండెన్సర్‌కి అడ్డంగా 100 కె, 2 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి శాశ్వతంగా ఉండాలి. స్విచ్చి ఆపాక మూడు వందల మైక్రోఫారడ్‌లలో నిలవున్న కరెంటుని అది రెండున్నర నిమిషాల్లో రెండు వోల్టుల దాకా దింపేస్తుంది. ఒకప్పుడు నేను అది వేయలేదు. స్విచ్చి తీసి, టీ తాగి వచ్చి, వాల్వు తీసి ఉన్న సెట్టులో చెయ్యి పెట్టాను. స్టూలు ఒకవైపు, నేనొకవైపు. టీ గ్లాసు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. అప్పటి నుంచి ముందు మీటరు పెట్టి చూస్తాను, చూసేటప్పుడు ఎడమ చెయ్యి లాల్చీ జేబులో ఉంటుంది. రెండు చేతులూ లోపలుంటే షాకు గుండె మీదుగా పోతుంది.

ప్రశ్న: గురువుగారూ, మాది జయపురం. భజన మండలి మైకు కోసం ఈసీసీ83తో ప్రీయాంప్ కట్టాను. మొదట సౌండు చాలా తక్కువ వచ్చింది. ఎవరో చెబితే ఈసీసీ82తో కాథోడ్ ఫాలోయర్ కలిపాను. సౌండు పెరిగింది కానీ మృదంగం గుండ్రతనం పోయి డబ్బా కొట్టినట్టుంది. వాల్వు పాడా?

జవాబు: వాల్వు బంగారంలా ఉంది నాయనా. నీ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరు వెనక ఇన్‌పుట్ 10 కె అని రాశావు చూడు, అక్కడుంది కథంతా.

ఈసీసీ83 ఆనోడు దగ్గర అవుట్‌పుట్ నిరోధం 40 కె దాకా ఉంటుంది. దాన్ని 10 కె కి కలిపితే సిగ్నలు అయిదో వంతే మిగులుతుంది. మొదట సౌండు తగ్గింది అందుకు. అప్పుడు బాసు మాత్రం కొంత ఉంది. నీ 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్‌కి కనబడేది నలభై, పది కలిపి యాభై కె కనుక 32 హెర్ట్జ్ దాకా దిగింది. ఫాలోయరు కలిపాక అవుట్‌పుట్ నిరోధం అయిదారు వందల ఓములకి పడిపోయింది. మంచిదే. కానీ కండెన్సర్ అదే 0.1 ఉంచేశావు. ఇప్పుడు దానికి కనబడేది పదిన్నర కె మాత్రమే, 150 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలైంది. మృదంగం ఎడమ వైపు మోతంతా ఆ కిందే ఉంటుంది. 2.2 మైక్రోఫారడ్, 250 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వెయ్యి, 7 హెర్ట్జ్ దాకా దిగుతుంది. దాని తర్వాత భూమికి ఒక 1 మెగ్ (పది లక్షల ఓముల) రెసిస్టెన్స్ పెట్టు, లేకపోతే పిన్ను పెట్టినప్పుడల్లా స్పీకర్లో ‘ఢబ్’ మంటుంది.

నువ్వు అడగని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు పంపిన బొమ్మలో ఫాలోయరు గ్రిడ్డు నేరుగా ఈసీసీ83 ఆనోడుకి కలిసి ఉంది. అక్కడ సుమారు 165 వోల్టులుంటాయి. ఫాలోయరు కాథోడు దానికి ఒకటి రెండు వోల్టులు పైనే. హీటరేమో భూమి దగ్గరుంది. ఈసీసీ82లో హీటరుకీ కాథోడుకీ మధ్య 180 దాటకూడదు. కరెంటు పెరిగిన రాత్రి నువ్వు ఆ అంచు మీదే ఉంటావు. హై వోల్టేజి నుంచి 330 కె, 100 కె తో మెట్టు కట్టి సుమారు 58 వోల్టులు తీసి, 100 కె కి అడ్డంగా 10 మైక్రోఫారడ్, 100 వోల్టుల కండెన్సర్ పెట్టు. హీటరు సప్లై మైనస్‌ని చాసిస్ నుంచి విప్పి ఆ 58కి కలుపు. హీటరు పైకి లేస్తే తేడా 110కి తగ్గుతుంది, హమ్ కూడా తగ్గొచ్చు. మాస్టారికి ఇది అక్కర్లేదు, ఆయన ఆనోడు 110 దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: అంకుల్, మాది రాయగడ. మా మామగారు మీలాగే వాల్వు ప్రీయాంప్ కట్టుకున్నారు. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 7812, అన్నీ మీరు చెప్పే పద్ధతే. కరెంటు ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి రాగానే ‘బుర్ర్’మని ఒకటే మోత. ఆయన రోజంతా వైర్లు పీకి మళ్లీ అతుకుతున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్.

జవాబు: తల్లీ, ముందు మీ మామగారి చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసేయండి. ఆయన తప్పేమీ లేదు.

కొందరి ఇళ్లలో ఉండేది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. అది 230 వోల్టులే ఇస్తుంది, మీటరూ దాదాపు అంతే చూపిస్తుంది, ఫ్యానూ తిరుగుతుంది. కానీ మన సప్లై కండెన్సర్లు నిండేది అల శిఖరం దాకా. లైను కరెంటు గుండ్రటి అల, 230 అంటే శిఖరం 325 దగ్గర ఉంటుంది. చదరపు అలకి శిఖరమూ 230 దగ్గరే. ఆ తేడా కింది దాకా దిగుతుంది. 15 వోల్టుల తీగ లైను మీద డయోడ్లు పోగా 19.8 నింపితే, ఇన్వర్టరు మీద 13.6 మాత్రమే నింపుతుంది. 7812కి డయోడు కాలుతో కలిపి కనీసం పద్నాలుగున్నర కావాలి. అది అందక రెగ్యులేటరు పని మానేస్తుంది, ఊగంతా నేరుగా హీటర్లలోకి పోతుంది. మీకు వినబడే బుర్రులో చాలా భాగం అదే. పైనున్న 274 కూడా 190కి దిగుతుంది కానీ ఈసీసీ82 దానికి కోపగించుకోదు.

సైన్ వేవ్ ఇన్వర్టరు కొంటే జబ్బు మొత్తం పోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే, హీటర్లకి విడిగా 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న సీల్డ్ బ్యాటరీ ఒకటి పెట్టమనండి. నిండిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6, 12.7 దగ్గరుంటుంది, హీటరు అడిగేదీ అదే. 300 మిల్లీయాంపియర్ల మీద సాయంత్రం కచేరీలు నాలుగైదు రోజులు నడుస్తాయి. ఛార్జింగ్ పెట్టి మాత్రం వినొద్దు, అప్పుడు 14 దాకా లేస్తుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 1 యాంపియర్ ఫ్యూజు ఉండాలి. దీంతో కూడా చదరపు అల చప్పుడు కాస్త మిగలొచ్చు, అది ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము చుట్టూ గాల్లోనే పాకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లని వేరే డబ్బాలో పెట్టి మూరెడు దూరం జరపమనండి.

ప్రశ్న: బరంపురంలో డిప్లొమా చదువుతున్నాను. పాత రేడియోల్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా లైను కరెంటునే నేరుగా వాడేవారట. 230ని బ్రిడ్జికి ఇస్తే 320 డీసీ ఊరికే వస్తుంది కదా? ఇంట్లో స్టెబిలైజరు కూడా ఉంది.

జవాబు: వద్దు బాబూ. ఆ ఏసీ/డీసీ సెట్లని చెక్క పెట్టెలో, నాబుల మేకులు కూడా వేలికి తగలకుండా మూసి అమ్మేవారు. లోపలి చాసిస్‌కి ప్రాణం ఉండేది. నీ ప్రీయాంప్‌కి ఫోను పిన్ను గుచ్చుతావు, ఆ పిన్ను మైనస్ అదే చాసిస్. ఆ ఫోను పట్టుకునేది నువ్వో మీ చెల్లెలో. స్టెబిలైజరులో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అందులో లోపలి తీగా బయటి తీగా ఒకటే, లైనుని విడదీయదు. రెండు చుట్లు విడివిడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరే కావాలి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు చాసిస్‌కి, ఫ్యూజు. ఈ జవాబుని మీ లెక్చరరుకి కూడా చూపించు.

ప్రశ్న: కొరాపుట్ నుంచి. 12 వోల్టుల నుంచి 250 వోల్టులు చేసే చిన్న ఆకుపచ్చ బోర్డులు చవకగా దొరుకుతున్నాయి. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు. అవి పదుల వేల హెర్ట్జ్‌లో కొట్టుకుంటాయి కనుక హమ్ వినబడదు. కానీ ఆ చప్పుడు గ్రిడ్డులోకి పాకితే సౌండు గరగరలాడుతుంది, ఎందుకో అంతుపట్టదు. రేకు డబ్బాలో మూసి, బయట 1 కె, 22 మైక్రోఫారడ్ పెట్టి వాడండి. నాకైతే ఇనుము బరువే ఇష్టం.

ప్రశ్న: మాది కాశీనగరం. తాతగారి వాల్వు రేడియో అటక మీద ఉంది. ఆడడం లేదు. అందులో డీకే96, డీఏఎఫ్96, డీఎఫ్96, డీఎల్96 అని నాలుగు వాల్వులున్నాయి. వీటితో ప్రీయాంప్ కట్టొచ్చా?

జవాబు: వాల్వు పేరులో మొదటి అక్షరం చదవడం నేర్చుకుంటే సగం ప్రశ్నలు తీరతాయి. ‘ఈ’ అంటే 6.3 వోల్టుల హీటరు. (ఈసీసీ82 రెండు హీటర్లనీ వరసగా కలిపితే 12.6.) ‘యూ’ అంటే 100 మిల్లీయాంపియర్ల వరస, బరంపురం అబ్బాయి అడిగిన లైను సెట్లవి. ‘పీ’ 300 మిల్లీయాంపియర్లు, టీవీలవి. మీ ‘డీ’ అంటే 1.4 వోల్టులు, బ్యాటరీ సెట్టు. ఊళ్లకి కరెంటు రాని రోజుల్లో విశాఖపట్నం స్టేషను కోసం, సిలోన్ కోసం జనం కొనుక్కున్నవి. ఆ తొంభై వోల్టుల పెద్ద బ్యాటరీ కోసం మీ తాతగారు ఎన్ని అణాలు కూడబెట్టారో.

వాటిలో డీఏఎఫ్96తో చిన్న ప్రీయాంప్ కట్టొచ్చు, కానీ ఫిలమెంటే కాథోడు కనుక వేలు తగిలినా ‘టింగ్’ మంటుంది. పైగా వాటికి 6.3 వోల్టులు తగిలితే నాలుగూ ఒక్క క్షణంలో పోతాయి. విప్పకండి. అడుగు చెక్క తీసి లోపల ఫొటో తీసి ఈ శీర్షికకి పంపండి. పేరు రాయని సిలిండర్ లాంటి మైనం కండెన్సర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అదీ రాయండి. ముందు అవి మార్చాలి, తర్వాత తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరసగా కడితే తొంభై వస్తుంది. ఆ రేడియో ఆడే అవకాశం ఉంది.